గాలానికి ముందు గాలి

పిల్లలూ! చేప నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోయిందని ఎవరైనా చెబితే మీరు నవ్వుతారు. కాని నిండా నీళ్ళున్న బకెట్టులో నలభై చేపలు ఒక్క రాత్రిలో ఊపిరాడక చచ్చిపోవడం నేను నా కళ్ళతో చూశాను. వాటిని ఎవరూ కొట్టలేదు. ఎవరూ విషం పెట్టలేదు. పైగా వాటిని తెచ్చిన కుర్రవాడు కడుపు నిండా అన్నం మెతుకులు వేసి, పిల్లి ముట్టకుండా పైన పళ్ళెం మూసి, మరీ పడుకున్నాడు. అంత ప్రేమగా చూసుకున్నా అవి ఎందుకు చచ్చిపోయాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం రండి.

నలభై పరకల కథ

మాది గోదావరిఖని. గోదావరికి దక్షిణపు ఒడ్డున ఉన్న బొగ్గు గనుల ఊరు. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ గనులు మా చుట్టూ ఉన్నాయి. మా బడిలో చదివే పిల్లల్లో చాలామంది తండ్రులు షిఫ్టుల వారీగా పనికి పోతారు. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు పిల్లవాడు బడిలో ఉంటాడు, పిల్లవాడు ఇంటికి వచ్చే వేళకు నాన్న డ్యూటీకి బయలుదేరుతాడు. అందుచేత వారపు సెలవు దినం అంటే మా పిల్లలకు పండుగే.

తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడూ, వాళ్ళ నాన్నా ఆ ఒక్క రోజు చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చునేవారు. చెరువు మీద హక్కు ఉన్న మత్స్య సహకార సంఘం వారిని అడిగి, వారు సరేనన్నాకే గాలం వేసేవారు. వాళ్ళకు కావలసినది కొర్రమట్ట. కొర్రమట్ట వేటాడి తినే చేప. కదలని ఎరను అది అంతగా పట్టించుకోదు. కాబట్టి బతికి ఉన్న చిన్న పరకను గాలానికి ఎరగా కడతారు. మా వైపు పరక అనే ఈ వేలెడంత చేపను కొన్ని జిల్లాల్లో పరిగె అంటారు.

సెలవు రోజున తెల్లవారగానే పరకల కోసం వెతుక్కోవడం కష్టమని మా కుర్రవాడు ముందు రోజు సాయంత్రమే చిన్న వలతో నలభై పరకలను పట్టి, చెరువు నీళ్ళతోనే బకెట్టు నింపి ఇంటికి తెచ్చాడు. తెల్లవారేసరికి ఒక్కటీ మిగలలేదు. ఆ వారం వాళ్ళ చెరువు ప్రయాణం ఆగిపోయింది. మరునాడు బడిలో నా దగ్గరికి వచ్చాడు.

"సార్, రాత్రి పండేటప్పుడు మంచిగనే తిరుగుతున్నయ్. పొద్దుగాల లేసి చూస్తే అన్నీ తెల్లగ తేలినయ్" అన్నాడు. వాడి గొంతు బొంగురుపోయింది.

సైన్సు చెప్పే మాస్టారినై ఉండి కూడా నేను తొందరపడ్డాను. "అన్నం పరకలకు సరిపడే తిండి కాదేమోరా. ఈసారి తవుడు వేసి చూడు" అన్నాను. సాయంత్రం దారిలో వాళ్ళ నాన్న కనిపించాడు. ఆయన పాతికేళ్ళుగా భూగర్భ గనిలో పని చేస్తున్నాడు. నా సలహా విని నవ్వాడు.

"సారూ, అది తిండి సంగతి కాదు. మా బాయిల ఫ్యాను ఆగితే మమ్ముల కూసోవెట్టి అన్నం పెడ్తరా? ముందుగాల బయటికి తోలుతరు. మనిషికైనా చేపకైనా ముందు గాలి, ఆ తర్వాతనే తిండి."

ఆయన మాటే సరైనది. నేను ఇంటికి పోయి కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. ఆ లెక్క మీరూ వేయండి.

నీళ్ళలో గాలి ఎంత?

చేప కూడా మనలాగే ప్రాణవాయువునే పీలుస్తుంది. నీటి అణువులో ఆక్సిజన్ ఉంది కదా, చేప దానిని విడదీసి పీలుస్తుందని కొందరు పిల్లలు పరీక్షల్లో రాస్తారు. అది తప్పు. చేప పీల్చేది నీళ్ళలో కరిగి ఉన్న ప్రాణవాయువును. చక్కెర నీళ్ళలో కరిగినట్టే గాలి కూడా కొద్దికొద్దిగా నీళ్ళలో కరుగుతుంది.

ఎంత కరుగుతుంది? 30 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. అదే వేడిలో ఒక లీటరు మంచినీళ్ళలో ఎంత ఎక్కువగా కరిగినా ఏడున్నర మిల్లీగ్రాములే. అంటే మనం పీల్చే గాలిలో ఉన్న దానిలో ముప్పై ఐదో వంతు మాత్రమే! ఇంత తక్కువతో చేప ఎట్లా బతుకుతుంది? దాని మొప్పల్లోనే ఉంది కిటుకు. మొప్పల్లో నెత్తురు ఒక దిక్కుకు ప్రవహిస్తే, నీళ్ళు దానికి ఎదురు దిక్కుకు ప్రవహిస్తాయి. ఇందువల్ల కొన్ని చేపలు నీళ్ళలోని ప్రాణవాయువులో నూటికి 80 పాళ్ళ దాకా లాగివేయగలవు. మనం పీల్చే గాలిలో 21 శాతం ప్రాణవాయువు ఉంటుంది, వదిలే గాలిలో ఇంకా 16 శాతం మిగిలే ఉంటుంది. చూశారా, ఈ విషయంలో మన ఊపిరితిత్తుల కంటే మొప్పలు ఎంత పొదుపరులో!

ఇప్పుడు బకెట్టు లెక్క. కుర్రవాడి బకెట్టులో 20 లీటర్ల నీళ్ళున్నాయి. లీటరుకు ఏడున్నర చొప్పున మొత్తం 150 మిల్లీగ్రాముల ప్రాణవాయువు. ఒక్కొక్క పరక 5 గ్రాముల బరువనుకుంటే నలభై పరకలు 200 గ్రాములు. ఇటువంటి చిన్న చేప తన బరువులో ఒక్కొక్క గ్రాముకు గంటకు సుమారు 0.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు వాడుకుంటుందని లెక్క కోసం అనుకుందాం. అంటే గంటకు 60 మిల్లీగ్రాములు. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే పరకవంటి చేపలు సుఖంగా ఉంటాయి. 3 కంటే తగ్గితే అవస్థ మొదలు. 150లో 90 ఖర్చయితే మిగిలేది లీటరుకు 3. గంటకు 60 చొప్పున 90 ఖర్చు కావడానికి ఎంతసేపు పడుతుంది? గంటన్నర!

నీటి పైభాగం నుంచి కొత్త ప్రాణవాయువు మెల్లమెల్లగా లోపలికి చేరుతూ ఉంటుంది. అందుకే ఆ పరకలు గంటన్నరకే చచ్చిపోలేదు. కాని చేరేదాని కంటే ఖర్చయ్యేది ఎక్కువైతే తెల్లవారేలోగా కథ ముగియక తప్పదు.

బాయిలో ఫ్యాను

గని కూడా ఒక బకెట్టువంటిదే. పైన ఆకాశమంత గాలి ఉన్నా, దానిని లోపలికి నడిపించకపోతే అడుగున ఉన్న వారికి అందదు. భూగర్భ గనికి సాధారణంగా కనీసం రెండు దారులు ఉంటాయి. ఒక దారి మీద బిగించిన పెద్ద ఫ్యాను లోపలి చెడుగాలిని బయటికి లాగివేస్తూ ఉంటుంది. ఆ ఖాళీని నింపడానికి రెండో దారిలో మంచి గాలి తనంతట తానే లోపలికి దిగుతుంది. మన దేశపు బొగ్గు గనుల నిబంధనల ప్రకారం మనుషులు పని చేసే చోట గాలిలో ప్రాణవాయువు 19 శాతానికి తగ్గరాదు. బొగ్గుపులుసు వాయువు అరశాతాన్ని మించరాదు.

పూర్వం బ్రిటన్ గనుల్లోకి కేనరీ అనే చిన్న పసుపుపచ్చ పిట్టలను పంజరంలో పెట్టి తీసుకుపోయేవారు. చిన్న ప్రాణి త్వరత్వరగా ఊపిరి పీలుస్తుంది కనుక చెడుగాలి మనుషుల కంటే ముందు దానికి సోకుతుంది. పిట్ట తూలితే మనుషులు వెనక్కు వచ్చేవారు. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1890ల్లో ఈ సలహా ఇచ్చాడు. 1986లో బ్రిటన్ వారు పిట్టలను మానిపించి వాటి బదులు విద్యుత్ పరికరాలు పెట్టాలని నిర్ణయించారు.

మీ బకెట్టులోని పరక కూడా అటువంటి హెచ్చరికే చేస్తుంది. చేపలన్నీ నీటి పైకి వచ్చి, మూతులు పైకెత్తి గుటకలు వేస్తున్నాయంటే అవి ఆకలితో తిండి అడుగుతున్నాయని అనుకోకండి. పైపొరలో మాత్రమే కాస్త ప్రాణవాయువు మిగిలి ఉందని దాని అర్థం. అప్పుడు తిండి వేస్తే వాటి గొంతు మరింత నొక్కినట్టే.

లోతు మేలా, వెడల్పు మేలా?

బకెట్టుకు ఫ్యాను ఎక్కడ ఉంది? గాలి నీళ్ళలోకి దిగే దారి ఒక్కటే, అది నీటి పైభాగం. ఆ పైభాగం ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది.

మన బకెట్టు మూతి అడ్డుకొలత 28 సెంటీమీటర్లు. దాని వైశాల్యం మీరే కట్టండి. 22/7 × 14 × 14, అంటే 616 చదరపు సెంటీమీటర్లు. 56 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గోలెం తీసుకుంటే వైశాల్యం 2,464 చదరపు సెంటీమీటర్లు. సరిగ్గా నాలుగు రెట్లు! అవే 20 లీటర్ల నీళ్ళు, కాని గాలి దిగే వాకిలి నాలుగింతలైంది. పశువులకు కుడితి పోసే మట్టి గోలెం మన పల్లెల్లో ఇంకా దొరుకుతుంది. దానికి ఇంకొక గుణం కూడా ఉంది. మట్టి గోడల్లోంచి నీరు చెమ్మగిల్లి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. కొత్త గోలేన్నయితే రెండు మూడు రోజులు నీళ్ళు పోసి పారబోసి అప్పుడు వాడండి.

చల్లదనం ఎందుకు? నీరు వేడెక్కే కొద్దీ దానిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల దగ్గర 6.9 మాత్రమే కరుగుతుంది. మరోవైపు చేప శీతలరక్త జీవి. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళు అంత వేడి. ఒంటి వేడి 10 డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ప్రాణవాయువు దాదాపు రెండింతలవుతుంది. రాబడి తగ్గి, ఖర్చు రెట్టింపయిన సంసారం ఎట్లా నడుస్తుంది? మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. ఆ రోజుల్లో క్వార్టరు ముందు ఎండలో పెట్టిన బకెట్టు చేపలకు పొయ్యి మీది గిన్నెతో సమానం. గోలేన్ని నీడలో పెట్టండి. చుట్టూ తడి గోనెసంచి కప్పండి. మరీ వేడిగా ఉంటే సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి, ఆ సీసాను నీళ్ళలో తేలనివ్వండి. మంచుగడ్డను నేరుగా వేయకండి.

గాలి పంపు ఉంటే మరీ మంచిది. రంగు చేపల దుకాణంలో దొరికే చిన్న పంపు చాలు. పంపు విడిచే బుడగలు పైకి పోతూ నీటిని కలియబెడతాయి. అడుగు నీరు పైకి వచ్చి గాలిని తాకుతుంది. అసలు మేలు అదే. పంపు లేకపోతే చెంబుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి ఇరవై సార్లు తిరిగి పోయండి. పూర్వం బెంగాల్ నుంచి చేపపిల్లలను మట్టి హండీల్లో రైళ్ళ మీద తీసుకుపోయేవారు దారి పొడవునా ఆ హండీలను కదుపుతూ కూర్చునేవారు. వారికి రసాయన శాస్త్రం రాకపోయినా అనుభవం నేర్పింది. ఈనాడు చెరువుల్లో వేసే చేపపిల్లలు పాలిథీన్ సంచుల్లో వస్తాయి. ఆ సంచిలో ఒక వంతు నీళ్ళు, రెండు వంతులు ప్రాణవాయువు నింపి మూతి బిగిస్తారు.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఇప్పుడు మన కుర్రవాడు చేసిన పనులు ఒక్కొక్కటే చూద్దాం. 20 లీటర్లలో నలభై చేపలు వేశాడు. ఇరుకు మూతి బకెట్టు వాడాడు. పైన పళ్ళెం మూశాడు. ఈ మూడూ గాలి దారిని బిగించాయి.

నాలుగోది అన్నం. బెదిరిన చేప తిండి ముట్టదు. తినగా మిగిలిన మెతుకులు నీళ్ళలో కుళ్ళుతాయి. కుళ్ళబెట్టేవి బాక్టీరియా. అవి కోట్లుగా పెరిగి చేపలతో పాటు ప్రాణవాయువును పంచుకుంటాయి. అంటే వాడు నలభై మందికి అన్నం పెట్టానని అనుకుని కోట్ల మంది అతిథులను ఇంట్లోకి పిలిచాడు.

అయిదోది, వాడు వేసిన పిడికెడు చెరువు నాచు. "చెట్లు ప్రాణవాయువు ఇస్తయని మీరే చెప్పిన్రు కద సార్" అన్నాడు. నిజమే, చెప్పాను. కాని ఎండ ఉన్నప్పుడే ఇస్తాయని, చీకట్లో మొక్కలు కూడా మనలాగే ప్రాణవాయువు పీలుస్తాయని గట్టిగా చెప్పలేదు. అందుకే చెరువుల్లో కూడా ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. చేపలు పైకి తేలి గుటకలు వేసేది ఆ వేళలోనే.

రెండో వారం, రెండో తప్పు

రెండో వారం కుర్రవాడు జాగ్రత్తపడ్డాడు. పది పరకలే తెచ్చాడు. గోలెం పెట్టాడు. మూతకు బదులు పాత దోమతెర కట్టాడు. రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడో రోజు నీళ్ళు మురికిగా కనిపించేసరికి మొత్తం పారబోసి, కుళాయి నుంచి తాజా నీళ్ళు పట్టాడు. గంటలో ఏడు చచ్చిపోయాయి.

కుళాయి నీళ్ళలో రోగకారక సూక్ష్మజీవులను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు అది రక్ష. చేపకు మాత్రం శిక్ష, ఎందుకంటే క్లోరిన్ మొప్పల పలుచని పొరను కాల్చివేస్తుంది. మనం తాగిన నీరు కడుపులోకి పోతుంది, చేపకు ఆ నీరు నేరుగా నెత్తురు పక్కనుంచే పోతుంది. విరుగుడు సులువు. కుళాయి నీళ్ళను వెడల్పాటి తొట్టిలో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది. అప్పుడప్పుడు కలియబెడితే, ఎండ తగిలితే ఇంకా త్వరగా పోతుంది. అంతసేపు ఆగలేనివారు రంగు చేపల దుకాణంలో దొరికే సోడియం థయోసల్ఫేటు వాడతారు. పూర్వం ఫొటో స్టూడియోల్లో హైపో అని వాడిన పలుకులు అవే.

రెండో దెబ్బ వేడిలో తేడా. గోలెంలోని నీటికి, కుళాయి నీటికి నాలుగైదు డిగ్రీల తేడా ఉంటే చేప తట్టుకోలేదు. చెరువు నుంచి తెచ్చిన చేపలను కూడా వెంటనే ఒలకబోయకూడదు. తెచ్చిన సంచిని గోలెంలో పావుగంట తేలనివ్వండి. తరువాత గోలెం నీళ్ళు గ్లాసు గ్లాసుగా సంచిలో కలపండి. ఆ పిమ్మట చేపలను వదలండి. చేపను పొడి చేతులతో పట్టుకోకండి. దాని ఒంటి మీది జిగురు దుమ్ము కాదు, అది రోగాలను ఆపే కవచం.

కంటికి కనిపించని మురికి

కుర్రవాడు నీళ్ళు మార్చాలనుకోవడం తప్పు కాదు, ఒక్కసారే అంతా మార్చడం తప్పు. నీళ్ళు ఎందుకు మార్చాలో వినండి. మన ఒంట్లోని నత్రజని మలినం యూరియాగా మారి మూత్రంలో పోతుంది. చేప ఎక్కువగా దానిని అమ్మోనియా రూపంలోనే మొప్పల నుంచి నీళ్ళలోకి వదులుతుంది. ఇరుకు ఇంట్లో ఆ అమ్మోనియా పేరుకుంటుంది. నీళ్ళు తేటగా కనిపిస్తున్నా అది ఉండవచ్చు.

నీటి స్వభావాన్ని బట్టి అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయదు, రెండోది విషం. నీటి పీహెచ్ 7 ఉంటే, 30 డిగ్రీల దగ్గర నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడు పాళ్ళు దాటుతుంది. క్షారగుణం కొంచెం పెరిగితే విషం అంత పెరుగుతుందన్నమాట!

చెరువులో ఈ మురికిని ఎవరు తీస్తారు? మళ్ళీ బాక్టీరియాలే. అన్ని బాక్టీరియాలూ శత్రువులు కావు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, ఇంకొక జాతి నైట్రైటును అంతగా హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. గులకరాళ్ళ మీద, స్పాంజి మీద ఇవి కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కనుక గోలెం కొత్తదైనంత కాలం రోజూ నాలుగో వంతు నీళ్ళు తీసి, క్లోరిన్ పోయిన నీళ్ళు అంతే పోయాలి. ఆరు వారాల తరువాత వారానికి ఒకటి రెండు సార్లు చాలు. స్పాంజిని కడగవలసి వస్తే గోలెంలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. కుళాయి కింద కడిగితే మీ పనివాళ్ళు చచ్చిపోతారు.

తిండి మాటేమిటి? ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి మనం తిన్న తిండిలో చాలా భాగం ఖర్చవుతుంది. చేపకు ఆ ఖర్చు లేదు. అందుకే తవుడు కాని, నలిపిన పల్లిచెక్క కాని రోజుకు ఒక చిటికెడు చాలు. అయిదు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. మిగిలింది తీసివేయండి. తెచ్చిన మొదటి రోజు, గాలానికి తీసుకుపోయే ముందు రోజు ఏమీ పెట్టకండి. చేపపిల్లలను దూరం పంపే వ్యాపారులు కూడా ముందు రోజు తిండి ఆపుతారు. కడుపు ఖాళీగా ఉంటే నీళ్ళు మురికి కావు.

చిటికెడు ఉప్పు

ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది కదా! లోపల చక్కెర చిక్కగా ఉంది కాబట్టి నీరు లోపలికి పోతుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు. చెరువు చేపకు కూడా ఇదే ఇబ్బంది. దాని నెత్తురులో ఉప్పు ఎక్కువ, బయటి నీళ్ళలో తక్కువ. మొప్పల నుంచి నీరు లోపలికి దూరుతూనే ఉంటుంది. దానిని బయటికి తోడిపోయడానికి చేప మూత్రపిండాలు పగలూ రాత్రీ పని చేస్తాయి. గాయపడిన, బెదిరిన చేపకు ఈ పని భారమవుతుంది. లీటరుకు 2 గ్రాముల దొడ్డుప్పు కలిపితే ఆ భారం తగ్గుతుంది. 20 లీటర్లకు 40 గ్రాములు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నీరు ఆవిరవుతుంది కాని ఉప్పు ఆవిరి కాదు. ఆవిరైన నీటిని భర్తీ చేసేటప్పుడు మళ్ళీ ఉప్పు వేయకండి. తీసి పారబోసిన నీటికి బదులు పోసేటప్పుడు మాత్రమే ఆ లెక్కకు సరిపడా వేయండి.

కొర్రమట్ట తీరు వేరు

"బజార్ల కొర్రమట్టలు గిన్నెడు నీళ్ళల్ల బతుకుతున్నయ్ కద సార్, పరకలెందుకు బతకవు?" అని మా కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న! తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమట్టకు మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చే గది ఒకటి ఉంది. అది పైకి వచ్చి నేరుగా గాలినే మింగుతుంది. ఎంతగా అలవాటు పడిందంటే, ఎదిగిన కొర్రమట్టను పైకి రానివ్వకుండా వలలో నీటి అడుగున బిగించి ఉంచితే ఊపిరాడక చచ్చిపోతుంది! పరకకు అటువంటి గది లేదు. దానికి ఉన్నవి మొప్పలే.

మీరు చేసి చూడండి

గాజు గ్లాసులో చల్లని నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. గంట తరువాత గోడలకు అంటుకున్న చిన్న బుడగలు కనిపిస్తాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ కరిగి ఉన్న గాలి బయటికి వస్తున్నదన్నమాట.

రెండో ప్రయోగానికి గడియారం చాలు. గోలెంలో ఒక పరకను చూస్తూ దాని మొప్పమూతలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటాయో లెక్కపెట్టండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. పక్కనే నీటి ఉష్ణోగ్రత రాయండి. వారం తరువాత గ్రాఫు గీయండి. చేపను ముట్టుకోకుండా, బాధపెట్టకుండా దాని ఆరోగ్యం చెప్పే పరీక్ష ఇది.

మిగిలిన ఎర ఎక్కడికి?

గాలం వేయగా మిగిలిన చేపలను ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. ఏ చెరువులో పట్టారో ఆ చెరువులోనే వదలండి. దుకాణంలో కొన్న చేపలనైతే ఏ నీళ్ళలోనూ వదలకండి. ఒక చోటి చేపతో పాటు దాని రోగాలు, పురుగులు మరొక చోటికి పోతాయి. దోమపిల్లలను తింటుందని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన గంబూసియా చేప, చాలా చోట్ల స్థానికపు చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తిని నష్టం చేసింది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన ప్రభుత్వం 2000లో నిషేధించినా అది అప్పటికే మన నీళ్ళలో చేరింది. ఒక్క బకెట్టుతో అయ్యే తప్పును తరువాత ఎన్ని వలలూ దిద్దలేవు.

ఇంకొక మాట. నీళ్ళ దగ్గరికి ఒంటరిగా పోకండి. పెద్దవారు లేనిదే గాలం ముట్టకండి. నీళ్ళు నిండిన పాత ఓపెన్‌కాస్ట్ గుంతల దగ్గరికి అసలే పోవద్దు. వాటి ఒడ్డు నిటారుగా ఉంటుంది, కాలు జారితే పట్టు దొరకదు. ఎగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు గోదావరి మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది.

మూడో వారం సంగతి చెప్పి ముగిస్తాను. కుర్రవాడు పన్నెండు పరకలు తెచ్చి, నీడలో గోలెం పెట్టి, రోజూ నాలుగో వంతు నీళ్ళు మార్చాడు. పొద్దున్నే లేచి మొప్పమూతలు లెక్కపెట్టాడు. ఎనిమిదో రోజు సెలవు నాటికి పదకొండు బతికి ఉన్నాయి. తండ్రీ కొడుకులు చెరువుకు పోయారు. కొర్రమట్ట పడిందా అని మీరు అడుగుతారు. పడలేదు. రెండు పరకలను ఎరగా వాడి, తొమ్మిదింటిని ఆ చెరువులోనే వదిలి ఇంటికి వచ్చారు. మరునాడు వాడు నాకు నోటుపుస్తకం చూపించాడు. చివరి పేజీలో చేపల లెక్క కాదు, ఇంకొకటి ఉంది. నాన్నను అడిగి తెలుసుకుని గనిలో గాలి ఏ దారిన దిగి, ఏ దారిన బయటికి వస్తుందో బాణపు గుర్తులతో బొమ్మ వేశాడు. ఇన్నేళ్ళుగా నాన్న రోజూ దిగే చోట గాలి ఎట్లా ఆడుతుందో వాడు అడగడం అదే మొదటిసారట.

మీ బకెట్టులో కూడా పరకలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయా? తవుడు డబ్బా పక్కన పెట్టండి. ముందు మూత తీయండి.